ఆకు గుర్తుపెట్టుకునేది, మజ్జ దాచుకునేది

మనలో చాలామందికి ఎడమ భుజం మీద చిన్న గుండ్రటి మచ్చ ఉంటుంది. పసితనంలో వేసిన బీసీజీ టీకా గుర్తు అది. ఆవుల్లో క్షయ కలిగించే బాక్టీరియాను ఫ్రాన్స్‌లో ఆల్బర్ట్ కాల్మెట్, కామిల్ గెరాన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1908 నుంచి పదమూడేళ్లపాటు, 230 సార్లు కొత్త పోషకం మీదికి మారుస్తూ, రోగం తెప్పించే బలం పోయేదాకా పెంచి ఈ టీకాను తయారుచేశారు. 1921లో పారిస్‌లో ఒక పసిబిడ్డకు మొదటిసారి ఇచ్చారు. మన దేశంలో దీన్ని జనంలోకి తీసుకెళ్లే పని 1948 ఆగస్టులో మదనపల్లెలో మొదలైంది. ఆ ఊరి పక్కనే ఉన్న ఆరోగ్యవరం శానటోరియం వైద్యులు ఆ తర్వాత చుట్టుపక్కల పల్లెల్లో ఈ టీకా మీద ఏళ్ల తరబడి పరిశీలన జరిపారు.

క్షయను ఆపడానికే పుట్టిన ఈ టీకా ఇంకేదో పని కూడా చేస్తోందని తొలిరోజుల్లోనే అనుమానించిన వైద్యుడు స్వీడన్‌కు చెందిన కార్ల్ నాస్‌లుండ్. ఉత్తర స్వీడన్‌లోని నార్‌బొటెన్ ప్రాంతంలో 1920ల చివర బీసీజీ ఇవ్వడం మొదలుపెట్టాక, టీకా అందిన పిల్లల్లో మరణాలు మిగతావారి కంటే చాలా తక్కువగా కనిపించాయి. పుట్టిన తొలి ఏడాదిలో అన్ని మరణాలకూ క్షయ కారణం కాదు. అంటే వేరే జబ్బుల వల్ల వచ్చే చావులు కూడా తగ్గి ఉండాలి. టీకా వేయించుకున్న కుటుంబాలే కాస్త కలిగినవి, పిల్లల మీద శ్రద్ధ ఎక్కువ ఉన్నవి కావచ్చు కదా అని ఎవరైనా అడిగితే ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు చెప్పాలంటే ఎవరికి టీకా వేయాలో, ఎవరికి ఆలస్యంగా వేయాలో చీటీ తీసినట్టుగా నిర్ణయించి చూడాలి. పశ్చిమాఫ్రికాలోని గినీ-బిసావులో పీటర్ ఆబీ బృందం తక్కువ బరువుతో పుట్టిన శిశువుల్లో అలాగే చూసింది. అలాంటి మూడు పరీక్షలను కలిపి లెక్కకడితే, మొదటి నెలలో మరణాలు మూడో వంతుకు పైగా తగ్గాయి.

పాఠ్యపుస్తకాల్లో చదువుకున్న రోగనిరోధక శాస్త్రంతో దీన్ని వివరించడం కష్టం. అక్కడ జ్ఞాపకం అంటే బీ కణాలు, టీ కణాలు. ఒక్కో కణం ఒక్కో శత్రువునే గుర్తుపడుతుంది. తట్టు వచ్చి తగ్గినవాడికి తట్టు మళ్లీ రాదు గానీ, ఆ జ్ఞాపకం ఆటలమ్మను ఆపదు. అలాంటప్పుడు క్షయ టీకా ఊపిరితిత్తులకు వచ్చే వేరే సూక్ష్మజీవుల మీదా, రక్తంలో చేరే విషక్రిముల మీదా ఎలా పనిచేస్తుంది? పని చేస్తోందంటే, బీ, టీ కణాల అవసరం లేకుండా నిలిచే మరో జ్ఞాపకం ఒంట్లో ఉండాలి. అలాంటిది ఒకటుందని మన వైద్యశాస్త్రం కంటే చాలా ముందే మొక్కల శాస్త్రం కనిపెట్టింది.

మొక్కకు రక్తం లేదు. ఒంట్లో తిరిగే నిరోధక కణాలు లేవు, యాంటీబాడీలు లేవు. అయినా ఒకసారి జబ్బుపడి కోలుకున్న మొక్క రెండోసారి గట్టిగా నిలబడుతుందని రైతులూ, వృక్షశాస్త్రవేత్తలూ ఎప్పటినుంచో చెబుతూనే ఉన్నారు. కె. ఎస్. చెస్టర్ 1933లోనే అలాంటి పరిశీలనలన్నిటినీ పోగుచేసి ఒక సుదీర్ఘ సమీక్ష రాశాడు. దాన్ని తిరుగులేని ప్రయోగంగా చూపినవాడు అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎ. ఫ్రాంక్ రాస్. సంవత్సరం 1961. మొక్క పొగాకు.

రాస్ ఎంచుకున్న పొగాకు రకానికి ఒక గుణం ఉంది. మొజాయిక్ వైరస్ సోకితే అది మొక్కంతా పాకదు. సోకిన చోట కణాలు తమంతట తాము చచ్చిపోయి, వైరస్‌ను ఆ చిన్న మచ్చలోనే బంధిస్తాయి. రాస్ ముందు కొన్ని ఆకులకు వైరస్ అంటించాడు. కొన్ని రోజులు ఆగి, అప్పటిదాకా వైరస్ ముట్టని వేరే ఆకులకు అంటించాడు. అక్కడ వచ్చిన మచ్చలు మామూలు మొక్కల మీద వచ్చేవాటి కంటే తక్కువ, చిన్నవి. ఈ గట్టిదనం వారం రోజుల్లో గరిష్ఠానికి చేరి, దాదాపు మూడు వారాలు నిలిచింది. పై ఆకుకు ఏమీ జరగలేదు. జరిగింది కింది ఆకుకు. అయినా పై ఆకు సిద్ధమైంది. అంతేకాదు, ఆ సిద్ధపాటు ఒక్క వైరస్ కోసం కాదు. ఇలా తయారైన మొక్కలు శిలీంధ్రాలనూ బాక్టీరియానూ కూడా మెరుగ్గా ఎదుర్కొంటాయని తర్వాతి పరిశోధనలు చూపించాయి. క్షయ టీకా విషయంలో నాస్‌లుండ్‌ను ఆశ్చర్యపరిచిన గుణమూ ఇదే: ఒకదానితో తలపడితే చాలా వాటికి సిద్ధం కావడం.

1979లో ఇంగ్లండ్‌లోని రోథామ్‌స్టెడ్ కేంద్రంలో రేమండ్ వైట్ పొగాకు ఆకుల్లోకి ఆస్పిరిన్ ఎక్కించి చూశాడు. వైరస్ అక్కర్లేకుండానే అదే నిరోధకత వచ్చింది. ఆస్పిరిన్ సాలిసిలిక్ ఆమ్లానికి దగ్గరి చుట్టం. జబ్బుపడిన మొక్కలు సాలిసిలిక్ ఆమ్లాన్ని స్వయంగా తయారుచేసుకుంటాయని 1990లో రెండు బృందాలు వేర్వేరుగా తేల్చాయి. మనిషి జ్వరానికి మింగే బిళ్లకూ, మొక్క తన రక్షణకు చేసుకునే రసాయనానికీ ఉన్న ఈ బంధుత్వం నాకు ఇప్పటికీ అబ్బురంగానే ఉంటుంది. అయితే సాలిసిలిక్ ఆమ్లం కథలో సగమే. అది కణంలోకి వచ్చాక ఏం చేస్తుంది? ఆ పని అయిపోయాక కూడా సిద్ధపాటు ఎలా మిగిలి ఉంటుంది? మొదటి ప్రశ్నకు జవాబు ఆక్సీకరణ–క్షయకరణ రసాయనంలో ఉంది. రెండోదానికి జవాబు డీఎన్ఏను చుట్టి ఉంచే ప్రోటీన్ల మీద ఉంది.

ముందు మొదటిది. ఆక్సీకరణం అంటే ఒక అణువు ఎలక్ట్రాన్లు పోగొట్టుకోవడం, క్షయకరణం అంటే పొందడం. ఇవి రెండూ ఎప్పుడూ జంటగానే జరుగుతాయి. మనం పీల్చే ఆక్సిజన్‌కు ఒక్క ఎలక్ట్రాన్ అంటగడితే సూపర్ ఆక్సైడ్ అవుతుంది. దాన్నుంచి హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. పుండ్లు కడగడానికి మందుల షాపులో అమ్మేది నీళ్లు కలిపిన ఈ పెరాక్సైడే. మన తెల్ల రక్తకణాలు క్రిమిని మింగేటప్పుడు ఒక్కసారిగా ఆక్సిజన్ ఎక్కువ వాడుకుంటాయని 1930ల ఆరంభంలోనే గమనించారు. ఆ ఆక్సిజన్ శక్తి కోసం కాదు, ఈ పదునైన అణువుల తయారీ కోసం అని తర్వాత తెలిసింది. వాటిని తయారుచేసే ఎంజైమ్ నాక్స్2. ఆ ఎంజైమ్ జన్యులోపంతో పుట్టిన పిల్లలకు, వారిలో ఎక్కువమంది మగపిల్లలే, మామూలు బాక్టీరియా, బూజులు కూడా ప్రాణాంతకంగా మారతాయి. దీన్ని క్రానిక్ గ్రాన్యులోమేటస్ జబ్బు అంటారు. బలహీనపరిచిన బీసీజీ బాక్టీరియా సైతం ఈ పిల్లల్లో కొందరికి జబ్బు తెప్పిస్తుంది.

మొక్కల్లో ఇదే దృశ్యాన్ని 1983లో జపాన్ శాస్త్రవేత్త నొరియుకి డోకె చూశాడు. ఐర్లండ్ కరవుకు కారణమైన బంగాళాదుంప తెగులు జీవి దుంప కణాలను తాకితే, ఆ కణాలు సూపర్ ఆక్సైడ్ వెలువరించాయి. దాన్ని తయారుచేసే మొక్క ఎంజైమ్ కోసం వెతికినవారికి అది మొదట దొరికింది వరిలో, 1996లో. చూస్తే అది మన నాక్స్2కు స్పష్టమైన బంధువు. మొక్కలూ జంతువులూ విడిపోయి వంద కోట్ల సంవత్సరాలు దాటింది. అంతకు ముందునుంచే ఉన్న ఎంజైమ్ వంశం ఒకటి ఇటు తెల్ల రక్తకణంలోనూ అటు వరి ఆకులోనూ శత్రువు ఎదురైనప్పుడు అదే పని చేస్తోంది.

చాలాకాలం ఈ ఆక్సిజన్ అణువులను విషంగానే చూశారు. క్రిమిని కాల్చే విషం, పొరపాటున మనల్నీ కాల్చేది. అది నిజమే గానీ పూర్తి నిజం కాదు. తక్కువ మోతాదులో, సరైన చోట, సరైన క్షణంలో ఇవి సంకేతాలు. వీటి మాటను వినేది ప్రోటీన్లలో ఉండే సిస్టీన్ అనే అమైనో ఆమ్లం. సిస్టీన్‌లో గంధకం ఉంటుంది. పెరాక్సైడ్ పెరిగితే రెండు సిస్టీన్ల గంధకాలు ఒకదానితో ఒకటి బంధం వేసుకుంటాయి. క్షయకరణ శక్తి పెరిగితే ఆ బంధం తెగుతుంది. బంధం పడినా తెగినా ప్రోటీన్ ఆకారం మారుతుంది, ఆకారం మారితే పని మారుతుంది. పైగా ఈ మార్పును వెనక్కి తిప్పవచ్చు. థయోరెడాక్సిన్, గ్లూటాథయోన్ అనే అణువులు రాత్రింబవళ్లు ఆ తిప్పే పనిలోనే ఉంటాయి. ఒక పరిస్థితి వచ్చిందనీ, పోయిందనీ కణానికి తెలియాలంటే ఇలా ఇరువైపులా తిరిగే రసాయనమే కావాలి.

అన్నిటికంటే చక్కటి ఉదాహరణ ఎన్‌పీఆర్1 అనే మొక్క ప్రోటీన్. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో షిన్నియన్ డాంగ్ బృందం 1994లో అరబిడాప్సిస్ మొక్కలో ఇది పాడైన రకాలను పట్టుకుంది. అరబిడాప్సిస్ ఆవాల కుటుంబంలోని చిన్న కలుపు మొక్క, వృక్షశాస్త్రజ్ఞుల ప్రయోగాలకు అలవాటైన ప్రాణి. ఎన్‌పీఆర్1 లేని మొక్కకు సాలిసిలిక్ ఆమ్లం ఎంత పోసినా సిద్ధపాటు రాదు. ఎందుకో 2003లో తెలిసింది. మామూలు రోజుల్లో ఎన్‌పీఆర్1 అణువులు గంధకపు బంధాలతో ఒకదానికొకటి అతుక్కుని, పెద్ద గుంపుగా కణద్రవంలో ఉండిపోతాయి. తెగులు సోకగానే మొదట ఆక్సీకరణ విజృంభిస్తుంది. కణం దానికి బదులుగా క్షయకరణ శక్తిని పెంచుకుంటుంది. ఆ రెండో దశలో థయోరెడాక్సిన్ వచ్చి బంధాలను తెంచుతుంది. విడివడిన ఎన్‌పీఆర్1 అణువులు కేంద్రకంలోకి వెళ్లి రక్షణ జన్యువులను మేల్కొలుపుతాయి. నైట్రిక్ ఆక్సైడ్ మళ్లీ గుంపు కట్టడానికి తోడ్పడుతుందని, అందువల్లే ప్రోటీన్ అంతా ఒకేసారి అయిపోకుండా నిలుస్తుందని 2008లో చూపారు. ఇక్కడ గమనించాల్సింది: రక్షణను మేల్కొలిపింది ఆక్సీకరణం ఒక్కటే కాదు, దాని వెనుకే వచ్చిన క్షయకరణం కూడా. ఆ రెంటి ఎగుడు దిగుడే సంకేతం.

ఈ సంకేతం ఆకునుంచి ఆకుకు పాకుతుంది కూడా. గాయపడిన చోట పుట్టిన పెరాక్సైడ్ పక్క కణాన్ని తడుతుంది, ఆ కణం తన పెరాక్సైడ్‌ను తానే తయారుచేసుకుని దాని పక్కదాన్ని తడుతుంది. ఈ అల మొక్కలో నిమిషానికి 8.4 సెంటీమీటర్ల దాకా వేగంతో వెళ్తుందని రాన్ మిట్లర్ బృందం 2009లో కొలిచింది. నరాలు లేని జీవికి అది తక్కువ వేగం కాదు.

ఇప్పుడు రెండో ప్రశ్న, అసలైన కష్టం ఉన్నది. హైడ్రోజన్ పెరాక్సైడ్ అణువు కణంలో క్షణకాలం బతకడమే ఎక్కువ. దాన్ని విరిచేసే ఎంజైమ్‌లు చుట్టూ ఉంటాయి. గంధకపు బంధాలు నిమిషాల్లో, గంటల్లో పడి తెగుతుంటాయి. పొగాకు సిద్ధపాటు మూడు వారాలు నిలుస్తుంది, బీసీజీ ప్రభావం నెలల తరబడి నిలుస్తుంది. క్షణికమైనది దీర్ఘకాలం నిలిచేదిగా ఎలా మారింది? నా దృష్టిలో ఈ రంగమంతటికీ ఇదే ముఖ్యమైన ప్రశ్న. పెరాక్సైడ్ మంచిదా చెడ్డదా అనే చర్చకంటే ఇది ఎంతో లోతైనది.

మన ఒక్కో కణంలో డీఎన్ఏను సాగదీస్తే దాదాపు రెండు మీటర్లు ఉంటుంది. అది కంటికి కనబడని కేంద్రకంలో ఇమడాలంటే, నేతగాడు నూలును కండెలకు చుట్టినట్టు, హిస్టోన్లు అనే ప్రోటీన్ల చుట్టూ చుట్టుకుని ఉండాలి. బిగువుగా చుట్టుకున్న చోట జన్యువును చదివే యంత్రాంగానికి సందు దొరకదు, వదులుగా ఉన్నచోట దొరుకుతుంది. ఎక్కడ బిగువు, ఎక్కడ వదులు అనేది హిస్టోన్ల తోకల మీద అంటించిన చిన్న రసాయన గుర్తులను బట్టి ఉంటుంది. ఎసిటైల్, మీథైల్ గుంపులు అలాంటివి. డీఎన్ఏ మీద కూడా మీథైల్ గుర్తులు ఉంటాయి. జన్యువులో అక్షరం ఒక్కటీ మారకుండానే దాని వాడకం మారిపోతుంది. ఎపిజెనెటిక్స్ చదివేది ఈ గుర్తులనే. గంధకపు బంధంతో పోలిస్తే ఇవి నిలకడైనవి. కొన్ని కణవిభజనను కూడా దాటి కూతురు కణాలకు చేరతాయి.

జర్మనీలోని ఆహెన్ నగరంలో ఊవె కాన్‌రాత్ బృందం 2011లో ప్రచురించిన ప్రయోగం రాస్ పొగాకు కథకు నేరుగా కొనసాగింపు. అరబిడాప్సిస్ కింది ఆకుకు బాక్టీరియా సోకించి, ఏమీ సోకని పై ఆకులో హిస్టోన్లను పరిశీలించారు. రక్షణను నడిపించే డబ్ల్యూఆర్‌కేవై జన్యువుల మొదట్లో, మూడో రకం హిస్టోన్ తోకలో నాలుగో స్థానంలో ఉన్న లైసిన్ మీద మూడు మీథైల్ గుంపులు పెరిగాయి. ఆ జన్యువులు అప్పటికి ఇంకా పెద్దగా పనిచేయడం లేదు. గుర్తు మాత్రం ముందే పడింది. తర్వాత ఒత్తిడి తగలగానే అవి మామూలు మొక్కల కంటే బలంగా పనిచేశాయి. ఇదే సిద్ధపాటు అంటే. ఆయుధం తీయలేదు, కానీ చేతికందేలా పెట్టుకుంది.

అదే ఏడాది నెదర్లాండ్స్‌లోని నైమేహెన్ నగరంలో మిహాయ్ నెటియా, ఆయన సహచరులు మనుషుల్లోనూ ఇలాంటి జ్ఞాపకం ఉంటుందని వాదించి, దానికి తర్ఫీదు పొందిన నిరోధకశక్తి అని పేరు పెట్టారు. మరుసటి ఏడు, 2012లో, బీసీజీ వేయించుకున్న ఆరోగ్యవంతుల రక్తం నుంచి మోనోసైట్లు అనే తెల్ల రక్తకణాలను తీసి చూశారు. ఇవి బీ, టీ కణాల్లా ప్రత్యేక శత్రువును గుర్తుపెట్టుకోవాల్సినవి కావు. అయినా టీకా వేసిన మూడు నెలల తర్వాత కూడా, క్షయతో సంబంధం లేని బాక్టీరియానూ శిలీంధ్రాన్నీ చూపితే అవి మునుపటికంటే ఎక్కువ హెచ్చరిక ప్రోటీన్లు వెలువరించాయి. బీ, టీ కణాలు పుట్టుకతోనే లేని ఎలుకలకు బీసీజీ వేసి కాండిడా శిలీంధ్రం ఎక్కిస్తే, టీకా పొందినవన్నీ బతికాయి, పొందనివాటిలో ఎక్కువ భాగం చనిపోయాయి. ఆ మోనోసైట్ల హిస్టోన్ల మీద పెరిగిన గుర్తు ఏది? మూడో హిస్టోన్, నాలుగో లైసిన్, మూడు మీథైల్ గుంపులు. కాన్‌రాత్ బృందం ఆకులో చూసినదే.

ఈ పోలికను చూసి ఉద్వేగపడటం సహజం, కానీ అతిగా చదవకూడదు. మొక్కలకూ మనుషులకూ ఈ జ్ఞాపకం ఒకే పూర్వీకుడి నుంచి సంక్రమించలేదు. సంక్రమించినవి పనిముట్లు: పెరాక్సైడ్ తయారుచేసే ఎంజైమ్, మాట వినే గంధకం, గుర్తులు మోసే హిస్టోన్. వాటిని కూర్చుకున్న తీరు ఎవరిది వారిదే. మన కణాల్లో ఎన్‌పీఆర్1 లేదు. ఇంకో హెచ్చరిక: ఆ మీథైల్ గుర్తు చురుకైన జన్యువులన్నిటి దగ్గరా కనిపించేదే. అది జ్ఞాపకానికి కారణమా, లేక జన్యువు మేల్కొన్నదన్న ఆనవాలు మాత్రమేనా అన్న వాదన శాస్త్రవేత్తల మధ్య ఇంకా నడుస్తూనే ఉంది.

ఆక్సీకరణ రసాయనం ఈ గుర్తుల దాకా ఎలా చేరుతుందో మనుషుల్లో కాస్త స్పష్టంగానే తెలిసింది. నాలుగో లైసిన్ మీద మీథైల్ గుంపులను చెరిపే ఎంజైమ్‌లను కేడీఎం5 అంటారు. అవి పనిచేయాలంటే మూడు కావాలి: ఆక్సిజన్, ఆల్ఫా-కీటోగ్లుటరేట్ అనే చిన్న అణువు, ఇనుము. ఇనుము కూడా క్షయకరణ రూపంలోనే ఉండాలి, ఆక్సీకరణం చెందితే ఎంజైమ్ పనికిరాదు. విటమిన్ సీ అవసరమయ్యే పనుల్లో ఈ కుటుంబపు ఎంజైమ్‌ల ఇనుమును సరైన రూపంలో ఉంచడం ఒకటి. తర్ఫీదు పొందుతున్న మోనోసైట్ తన వంట తీరునే మార్చుకుంటుంది. గ్లూకోజ్ వాడకం పెంచుతుంది, గ్లుటమైన్ అనే అమైనో ఆమ్లాన్ని ఎక్కువగా విరుస్తుంది. దాంతో మైటోకాండ్రియాలో ఫ్యూమరేట్ అనే అణువు పోగుపడుతుంది. ఇది ఆల్ఫా-కీటోగ్లుటరేట్‌కు ఆకారంలో దగ్గర. కేడీఎం5లో దాని చోటులోకి దూరి పనిని ఆపేస్తుంది. చెరిపేవాడు ఆగిపోతే గుర్తు మిగిలిపోతుంది. 2016లో నెటియా బృందమే దీన్ని చూపింది. కేవలం ఫ్యూమరేట్ ఇచ్చినా మోనోసైట్లకు తర్ఫీదులో కొంత భాగం వచ్చింది. ఎలక్ట్రాన్ల రాకపోకలతో నడిచే జీవక్రియ, హిస్టోన్ మీద నిలిచే గుర్తుగా మారే చోటు ఇదే.

అయినా ఒక లెక్క కుదరదు. మోనోసైట్ రక్తంలో బతికేది కొద్ది రోజులే. మూడు నెలల తర్వాత రక్తంలో ఉన్న మోనోసైట్ టీకా రోజున పుట్టనే లేదు. జవాబు ఎముక మజ్జలో దొరికింది. కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో మజియార్ దివంగహి బృందం 2018లో ఎలుకలకు బీసీజీని రక్తంలోకి ఎక్కించి, మజ్జలో రక్తకణాలన్నిటినీ పుట్టించే మూలకణాలే తీరు మార్చుకున్నాయని చూపింది. వాటినుంచి పుట్టిన, క్రిములను మింగే మాక్రోఫేజ్‌లు క్షయ బాక్టీరియాను మెరుగ్గా అణచివేశాయి. బీసీజీ వేయించుకున్న మనుషుల మజ్జలోనూ మార్పులుంటాయని 2020లో తేలింది. పుడుతున్న మోనోసైట్ గుర్తుతోనే పుడుతుంది.

ఇంత చక్కటి యంత్రాంగం తెలిశాక బీసీజీ అన్నిటికీ మందు అనుకోవాలనిపిస్తుంది. అలా అనుకోకూడదు. గినీ-బిసావు ఫలితాలను మన దక్షిణ భారతంలో తక్కువ బరువు శిశువుల మీద పరీక్షించారు. రష్యా రకం బీసీజీతో చేసిన ఆ రెండు పరీక్షల్లో, 2019లో వచ్చిన ఫలితాల ప్రకారం, మరణాలు తగ్గలేదు. కోవిడ్ కాలంలో ఐదు దేశాల ఆరోగ్య సిబ్బంది దాదాపు నాలుగు వేల మందితో జరిగిన పరీక్షలో బీసీజీ కోవిడ్‌ను ఆపలేదని 2023లో ప్రచురించారు. బాక్టీరియా రకం, శిశువు వయసు, ఆ ఊళ్లో తిరిగే జబ్బులు, అంతకుముందే ఒంటికి తగిలిన సూక్ష్మజీవులు ఇవన్నీ ఫలితాన్ని మారుస్తాయి. ప్రయోగశాలలో మోనోసైట్ ఎక్కువ ప్రోటీన్ వెలువరించడం వేరు, వార్డులో బిడ్డ బతకడం వేరు. ఈ రెంటి మధ్య దూరాన్ని పత్రికల శీర్షికలు చాలాసార్లు చెరిపేస్తుంటాయి. అది చదివేవాళ్లకు చేసే అన్యాయం.

జ్ఞాపకం ఎప్పుడూ మేలే చేస్తుందనీ లేదు. ఆక్సీకరణం చెందిన ఎల్‌డీఎల్ కొలెస్ట్రాల్‌తో మోనోసైట్లను ఒక్క రోజు తడిపి, కడిగేసి, కొన్ని రోజుల తర్వాత కదిలిస్తే అవి మంట పుట్టించే ప్రోటీన్లను ఎక్కువ వదులుతాయని 2014లో చూపారు. ఇక్కడా అదే రకం గుర్తులు. 2018లో ఎలుకలకు నాలుగు వారాలు కొవ్వు, చక్కెర నిండిన తిండి పెట్టి మళ్లీ మామూలు తిండికి మార్చారు. రక్తంలో వాపు సూచికలు తగ్గాయి గానీ, మజ్జలోని కణాల తీరు మాత్రం వెనక్కి రాలేదు. గుండె రక్తనాళాల జబ్బుల్లో ఈ జ్ఞాపకం పాత్ర ఎంత అన్నది ఇప్పుడు చాలామంది తవ్వుతున్న విషయం. తిండి మార్చుకున్నా పాత ప్రమాదం కొంతకాలం ఎందుకు వెంటాడుతుందో దీనివల్ల అర్థం కావచ్చు.

యాంటీఆక్సిడెంట్ బిళ్లల మాటా చెప్పాలి, ఎందుకంటే ఆక్సీకరణం అనగానే మన ఇళ్లలో అందరికీ గుర్తొచ్చేది అవే. ఆక్సిజన్ అణువులు విషం మాత్రమే అయితే వాటిని తుడిచేసే బిళ్ల మంచిదే అవ్వాలి. 2009లో మైకేల్ రిస్టో బృందం నలభై మంది యువకులతో నాలుగు వారాలు వ్యాయామం చేయించింది. సగం మందికి విటమిన్ సీ, విటమిన్ ఈ బిళ్లలు ఇచ్చింది. ఇన్సులిన్‌కు ఒళ్లు స్పందించే తీరు బిళ్లలు వేసుకోనివారిలో మెరుగుపడింది, వేసుకున్నవారిలో పడలేదు. వ్యాయామంలో పుట్టే ఆక్సిజన్ అణువులే ఒంటికి సంకేతమని వారు వాదించారు. తర్వాతి అధ్యయనాలన్నీ ఒకే మాట చెప్పలేదు. కానీ సంకేతాన్ని విషమని తుడిచేస్తే కలిగే నష్టం ఊహ మాత్రం కాదని తెలిసింది. ఉసిరికాయ, జామకాయ తినడానికి ఇదేమీ అడ్డు కాదు. పెద్ద మోతాదు బిళ్లలను రోజూ మింగమని ఆరోగ్యవంతులకు చెప్పడానికి మాత్రం ఆధారం బలహీనం.

మొక్క రక్షణను ముందే మేల్కొలిపే పద్ధతి పొలంలో ఎప్పటినుంచో వాడుకలో ఉంది. జపాన్‌లో 1970ల నుంచి వరి అగ్గితెగులుకు ప్రొబెనజోల్ అనే మందు వాడుతున్నారు. అది శిలీంధ్రాన్ని నేరుగా చంపేది కాదు, వరి మొక్కలో సాలిసిలిక్ ఆమ్లం దారిని మేల్కొలిపేది. మన దగ్గర దారి ఎక్కువగా వేరు. హైదరాబాద్‌లోని సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి మన బాపట్లలో పుట్టిన సాంబ మసూరిలోకి ఎండాకు తెగులును తట్టుకునే మూడు జన్యువులను చేర్చి మెరుగైన సాంబ మసూరిని ఇచ్చాయి. జన్యువుతో వచ్చే రక్షణ విత్తనంలోనే ఉంటుంది, కానీ కచ్చితంగా ఆ తెగులుకే. మేల్కొలిపే రక్షణ విశాలమైనది, కానీ దానికి ఖర్చు ఉంది. రక్షణ ఎప్పుడూ తెరిచి ఉంచిన అరబిడాప్సిస్ రకాలు గిడసబారిపోతాయి. డాంగ్ బృందం 2017లో చైనా సహచరులతో కలిసి వరిలో ఎన్‌పీఆర్1ను తెగులు సోకినప్పుడు మాత్రమే ఎక్కువగా తయారయ్యేలా అమర్చి, దిగుబడి నష్టం లేకుండా అగ్గితెగులునూ ఎండాకు తెగులునూ తట్టుకునే మొక్కలను పొలంలో పెంచి చూపింది. మనకు పనికొచ్చే దిశ ఇదేనని నేను నమ్ముతున్నాను.

చివరిగా, ఈ జ్ఞాపకం సంతానానికి చేరుతుందా? మనుషుల్లో, ఎలుకల్లో పిండం తొలి దశలోనూ, పునరుత్పత్తి కణాలు ఏర్పడేటప్పుడూ డీఎన్ఏ మీది మీథైల్ గుర్తులు చాలామటుకు చెరిగిపోతాయి. తండ్రి ఎలుకకు సోకిన జబ్బు పిల్లల్లో నిరోధకతగా కనిపించిందని 2021లో ఒక బృందం ప్రకటించింది. 2022లో ఇంకొందరు జాగ్రత్తగా వెతికి అలాంటిదేమీ కనబడలేదన్నారు. మొక్కల్లో వ్యవహారం వేరు. వాటి పుప్పొడి, అండాలు ఆకులు మోసిన కొమ్మ చివరే, ఆలస్యంగా ఏర్పడతాయి. మొక్క అనుభవించిన జబ్బు జాడ వాటికి చేరే వీలు ఎక్కువ. 2012లో యురియాన్ టాన్ బృందం, బాక్టీరియా సోకిన అరబిడాప్సిస్ మొక్కల గింజలు నాటి, వాటి పిల్లలు బూజు తెగులును మెరుగ్గా తట్టుకుంటాయని, మధ్యలో జబ్బులేని తరం ఒకటి గడిచినా ఆ గుణం మిగులుతుందని చూపింది. డీఎన్ఏ మీథైల్ గుర్తులు తగ్గించిన మొక్కలూ అలాగే ప్రవర్తించాయి. అయితే ఆ పిల్ల మొక్కలే, బతికున్న కణాల మీద కాకుండా చంపిన కణాల మీద బతికే ఆల్టర్నేరియా అనే మరో శిలీంధ్రానికి మామూలు మొక్కల కంటే సులువుగా లొంగాయి. ఒక రక్షణ దారి పదునెక్కితే రెండోది మొద్దుబారింది. అందుకే తెగులు సోకిన చేను నుంచి విత్తనం తీస్తే గట్టి పంట వస్తుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. విత్తనంతో పాటు జ్ఞాపకం వస్తుందో రాదో గానీ, తెగులు మాత్రం రావచ్చు. వచ్చిన జ్ఞాపకం కూడా మన పొలంలో వచ్చే ఏడు ఏ శిలీంధ్రం దిగుతుందో తెలిసి వచ్చింది కాదు.